అర్జీదారు యజమానే: హెచ్-1బి వీసా పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. జమాబందీ చరిత్రో, మండలాలు ఏర్పడిన చరిత్రో రాయవచ్చు. కాని మన నెలవారీ సమావేశాల్లో డి.ఏ. బకాయిల తరువాత ఎక్కువగా వినపడే మాట వీసా. కొడుకో, కోడలో, మనవడో అమెరికాలో ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అయినా ఆ వీసా ఎలా పుట్టిందో, దానికి అర్జీ పెట్టవలసింది ఎవరో తెలిసినవారు తక్కువ. నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి 35 ఏళ్ళు కాగితాల మధ్య గడిపినవాణ్ణి. ఏ ఉత్తర్వునైనా దాని పూర్వాపరాలు చూసిన తరువాతే చదవడం అలవాటు. ఆ పద్ధతిలోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒప్పందపు కూలీ నుంచి ప్రతిభావంతుడి దాకా

విదేశీ కార్మికుణ్ణి ముందే ఒప్పందం చేసుకుని, దారి ఖర్చులిచ్చి రప్పించుకోవడం అమెరికాలో ఒకప్పుడు నేరం. 1885 నాటి చట్టం దానిని నిషేధించింది. తక్కువ కూలికి మనుషులను దింపి స్థానికుల పొట్ట కొడుతున్నారన్నది అప్పటి కార్మిక సంఘాల వాదన. అయితే ఆ చట్టంలోనే కొన్ని మినహాయింపులు పెట్టారు. దేశంలో అప్పటికి లేని కొత్త పరిశ్రమకు నిపుణులు కావలసి వచ్చి, వారు అక్కడ దొరకనప్పుడు బయటి నుంచి తెచ్చుకోవచ్చు. నటులకు, గాయకులకు, ఉపన్యాసకులకు కూడా మినహాయింపు ఉంది. స్థానికుడి కూలి పడిపోకూడదు, అవసరమైన నిపుణుడు ఆగిపోకూడదు అనే ఈ రెండు మాటల పెనుగులాట అప్పుడు మొదలై నేటికీ సాగుతూనే ఉంది.

ఆ రోజుల్లో మనవాళ్ళ ఊసే లేదు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగానికి, మన దేశానికి కూడా, తలుపులు మూసింది. 1946లో ఏడాదికి 100 మంది భారతీయులకు మాత్రం ప్రవేశం, పౌరసత్వం పొందే హక్కు ఇచ్చారు. దేశం మొత్తానికి వంద!

1952లో అమెరికా వలస చట్టాన్ని తిరగరాశారు. అధ్యక్షుడు ట్రూమన్ దానిని వీటో చేసినా, కాంగ్రెసు ఆయన మాట తోసిపుచ్చి ఆమోదించింది. తాత్కాలికంగా పనికి వచ్చేవారికి ఆ చట్టంలో 'హెచ్' అనే అక్షరం కేటాయించారు. హెచ్-1 విశేష ప్రతిభ గలవారికి, హెచ్-2 ఇతర కార్మికులకు, హెచ్-3 శిక్షణకు వచ్చేవారికి. హెచ్-1 కింద వచ్చే మనిషి తాత్కాలికంగా రావడమే కాదు, అతను చేసే పని కూడా తాత్కాలికమైనదే కావాలి. ఈ రెండో షరతును 1970లో తొలగించారు. మనిషి తాత్కాలికం, కుర్చీ శాశ్వతం అన్నమాట. ఇప్పుడు మనం చూస్తున్న పద్ధతికి బీజం అక్కడే పడింది.

ఈ లోగా 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసింది. ఆ తరువాత మన వైద్యులు, ఇంజనీర్లు చాలా మంది గ్రీన్ కార్డుతోనే వెళ్ళి స్థిరపడ్డారు. 1977లో న్యూయార్కులో తానా మొదటి మహాసభ జరుపుకున్నది ప్రధానంగా ఆ తరంవారే. స్పాన్సర్ అనే మాట ఇంటింటికీ రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

1990 చట్టం

1989లో నర్సుల కొరత తీర్చడానికి హెచ్-1ఎ అని ఒక విభాగాన్ని చీల్చారు. మిగిలినది హెచ్-1బి అయింది. మరుసటి ఏడాది, 1990 నవంబరు 29న, అధ్యక్షుడు జార్జి బుష్ (పెద్దాయన) సంతకం చేసిన చట్టం దానికి ఇప్పటి రూపం ఇచ్చింది. అమలు తేదీ 1991 అక్టోబరు 1. ఉత్తర్వు తేదీ వేరు, అమలు తేదీ వేరు అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా.

ఆ చట్టంతో ముఖ్యంగా నాలుగు మార్పులు వచ్చాయి. ఉద్యోగం కనీసం డిగ్రీ స్థాయి ప్రత్యేక చదువు కావలసినది అయి ఉండాలి. ఏడాదికి 65,000 మందికి మించి కొత్తవారికి ఇవ్వరాదు. మొదట మూడేళ్ళు, పొడిగిస్తే మొత్తం ఆరేళ్ళు. ఇక నాలుగోది, 'స్వదేశంలో ఇల్లు వదులుకోలేదు' అని రుజువు చూపనవసరం లేదు. ఈ వీసాపై ఉంటూనే గ్రీన్ కార్డుకు పెట్టుకోవచ్చు. మన పిల్లలు వెళ్ళి తిరిగి రాకపోవడానికి కారణాలు వెతికేవారు ఈ నాలుగో మార్పును కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో విడ్డూరం. పేరున్న ఫ్యాషన్ మోడళ్ళకు కూడా ఇదే వీసా. కంప్యూటరు ఇంజనీరూ, ఫ్యాషన్ ప్రదర్శనలో నడిచే అమ్మాయీ ఒకే పద్దు కిందికి వస్తారు.

ఫైలు నడిచే దారి

మన భాషలో చెప్పాలంటే ఇది మూడు ఆఫీసులు తిరిగే ఫైలు. మొదటి మెట్టు కార్మిక శాఖ. యజమాని అక్కడ ఎల్.సి.ఏ. అనే పత్రం దాఖలు చేస్తాడు. అందులో నాలుగు హామీలుంటాయి. అదే పనికి తాను ఇతరులకు ఇస్తున్న జీతం, ఆ ప్రాంతంలో నడుస్తున్న జీతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువయితే అది ఇస్తాను. స్థానిక ఉద్యోగుల పని పరిస్థితులకు భంగం కలగనివ్వను. పని చేసే చోట సమ్మె గాని లాకౌటు గాని లేదు. ఈ సంగతి పనిచోట నోటీసుగా అతికించాను. కార్మిక శాఖ ఏడు పని దినాల్లో దానిని ధ్రువీకరించాలి. పత్రం పూర్తిగా నింపారా, పైకి కనిపించే తప్పులున్నాయా అన్నదే అక్కడ చూస్తారు. లోతైన తనిఖీ తరువాతి మాట, అదీ చాలా వరకు ఫిర్యాదు వస్తేనే. ఈ ఏర్పాటుకున్న బలమూ బలహీనతా ఇదే.

రెండో మెట్టు వలస శాఖ. 2003 మార్చి నుంచి ఈ పని చూస్తున్నది యు.ఎస్.సి.ఐ.ఎస్. ధ్రువీకరించిన పత్రం జత చేసి, ఐ-129 అనే అర్జీని యజమాని అక్కడ పెడతాడు. ఉద్యోగం ఆ స్థాయిదేనా, మనిషికి ఆ చదువు ఉందా అని వారు చూస్తారు. మూడో మెట్టు కాన్సులేట్. మన కుర్రవాడు కిటికీ ముందు నిలబడేది ఇక్కడ మాత్రమే. మన హైదరాబాదులో కాన్సులేట్ 2008 అక్టోబరులో పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అంతకు ముందు చెన్నై వెళ్ళి రావలసి వచ్చేది. చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరొచ్చింది, వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 ప్రదక్షిణలు అనే ఆనవాయితీ ఏర్పడింది ఈ మూడో మెట్టు భయంతోనే. కాని అంతకు ముందున్న రెండు మెట్లూ యజమానివి. అర్జీదారు అతనే, మనవాడు కాదు.

అంకెల ఆటుపోట్లు

మొదటి ఏళ్ళలో 65,000 కోటా నిండలేదు. 1997 ఆర్థిక సంవత్సరంలో మొదటిసారి నిండింది. ఇంటర్నెట్ కంపెనీలు పుట్టుకొస్తున్నాయి. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసిపెట్టినందువల్ల 2000 రాగానే తలెత్తబోయే వై2కె చిక్కును సరిచేయడానికి వేల మంది ప్రోగ్రామర్లు కావలసి వచ్చారు. 1998 చట్టం కోటాను 1,15,000కు, 2000 చట్టం 1,95,000కు పెంచాయి. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 మార్చిలో అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. ఆ రోజుల్లో మా ఆఫీసులో జనన ధ్రువపత్రాల కోసం, ఆదాయ ధ్రువపత్రాల కోసం వచ్చేవారి వరస ఒక్కసారిగా పెరగడం నాకు బాగా గుర్తు.

2004లో కోటా తిరిగి 65,000కు దిగింది. అందులో 6,800 చిలీ, సింగపూర్ దేశాలకు పక్కన పెడతారు. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 ఇచ్చారు. విశ్వవిద్యాలయాలకు ఈ పరిమితి వర్తించదు. 2007 ఏప్రిల్‌లో అర్జీలు వెల్లువెత్తడంతో లాటరీ తీశారు. 2013 నుంచి ప్రతి ఏటా లాటరీ తప్పడం లేదు. 2020లో ఎలక్ట్రానిక్ రిజిస్ట్రేషన్ పెట్టి రుసుము 10 డాలర్లుగా నిర్ణయించారు. చవకగా ఉండడంతో ఒకే మనిషి పేర నాలుగైదు కంపెనీల చేత వేయించడం మొదలయింది. 2023 మార్చిలో 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అర్హమైనవాటిలో సగానికి పైగా ఒకే మనిషి పేర ఒకటికి మించి వేసినవే. అందుచేత 2024 నుంచి రిజిస్ట్రేషన్లను కాక మనుషులను లెక్కించి లాటరీ తీస్తున్నారు. 2025లో రుసుము 215 డాలర్లు చేశారు. అర్హమైన రిజిస్ట్రేషన్లు ఆ ఏడాది మూడున్నర లక్షల లోపుకు పడిపోయాయి.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన జారీ చేశారు. దేశం బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త అర్జీలకు యజమాని 1,00,000 డాలర్లు చెల్లించాలన్నారు. అమలు 21వ తేదీ నుంచే. పాతవారికి, పొడిగింపులకు వర్తించదని వివరణ వచ్చేలోగా, సెలవుపై వచ్చిన పిల్లలు తిరుగు విమానాల కోసం పరుగులు తీశారు. వివాదం కోర్టులకెక్కింది. 140 ఏళ్ళ నాటి ఆ పెనుగులాటలో ఇది ఇంకో మలుపు.

మన సొమ్ము సంగతి

ఈ చరిత్రంతా ఎందుకు తవ్వానంటే, దానిలో మన పెన్షన్ సొమ్ము కూడా ఉంది. 2001 ప్రాంతంలో నా సహోద్యోగి ఒకరు తన కమ్యుటేషన్ సొమ్ములో ఎక్కువ భాగం ఒక కన్సల్టెన్సీకి 'స్పాన్సర్‌షిప్ ఖర్చు' అని కట్టారు. పిల్లవాడు వెళ్ళాడు. చెప్పిన ప్రాజెక్టు లేదు. ఆరుగురిని ఒక గెస్ట్ హౌసులో ఉంచి, పని దొరికితేనే జీతమన్నారు. దానిని బెంచ్ అంటారట. నాలుగు నెలలు తండ్రే ఇక్కడి నుంచి డబ్బు పంపారు. చివరికి వేరే కంపెనీ అర్జీ పెట్టడంతో కుర్రవాడు బయటపడ్డాడు. కన్సల్టెన్సీకి కట్టిన సొమ్ము మాత్రం ఆయన పోయేదాకా తిరిగి రాలేదు.

బాధాకరమైన విషయమేమంటే, అప్పటికే చట్టం ఆ కుర్రవాడి పక్షాన ఉంది. పని చూపలేకపోయినా యజమాని జీతం ఇవ్వవలసిందేనని 1998 చట్టం చెప్పింది. అదే చట్టం పెట్టిన ప్రత్యేక రుసుమును ఉద్యోగి చేత కట్టించరాదు, తరువాత వసూలు చేసుకోరాదు. ఇంకో యజమాని అర్జీ దాఖలు కాగానే అక్కడికి మారవచ్చని 2000 చట్టం వీలు కల్పించింది. గడువు ముగియక ముందే తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు యజమానిదే. 2017 జనవరి నుంచి ఉద్యోగం పోయినవారికి 60 రోజుల దాకా వ్యవధి ఉంది. జీతం ఎగవేస్తే పన్నెండు నెలల్లోగా కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. కాని హక్కు ఉందని తెలియనివాడికి హక్కు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆమోదం పొందిన హెచ్-1బి అర్జీల్లో ఇటీవలి ఏళ్ళలో నూటికి డెబ్బై పైగా భారతీయులవే. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి నూటికి ఏడు చొప్పున పరిమితి ఉండడంతో మనవారి వరస ఏళ్ళ తరబడి సాగుతోంది. తాత్కాలిక వీసా మీద పదిహేనేళ్ళు గడిపినవారున్నారు. తల్లిదండ్రుల మంచానికి, అక్కడి ఉద్యోగానికి మధ్య వాళ్ళు నలిగిపోవడం మనకు తెలిసిందే. అది మన చేతిలో లేదు. ఇక్కడ అప్పు చేయకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది.

కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి. స్పాన్సర్ కోసం డబ్బు అడిగినవాడు స్పాన్సర్ కాడు, బేరగాడు. కాన్సులేట్‌లో వీసాకు కట్టే రుసుము వేరు, యజమాని కట్టవలసిన రుసుము వేరు. ఎల్.సి.ఏ. నకలు ఉద్యోగికి ఇచ్చి తీరాలి. పిల్లలు ఫోను చేసినప్పుడు వీసా వచ్చిందా అనే ముందు, ఆ నకలు చేతికి వచ్చిందా, అందులో జీతం ఎంత వేశారు, పనిచోటు ఏ ఊరు రాశారు అని అడగండి. కాగితం అర్థం కాకపోతే నెల సమావేశానికి తెండి. ఆ రోజు నేను గంట ముందే వచ్చి కూర్చుంటాను. ఇద్దరం కలిసి చదువుదాం.