పుట్టింట పోయి మెట్టినింట బతికిన తూటా

నూజివీడు వైపు మామిడి కాయ ముదిరే నెలల్లో తోట కాపలా అంటే సగం ఉండేలు పనే. పగలు చిలకలు, కోతులు; రాత్రి గబ్బిలాలు; అడవి అంచు తోటలకు పందుల బెడద. ఎండ నడినెత్తికొచ్చి తోట సద్దుమణిగినప్పుడు కాపలా మనిషి బంకమట్టి పిసికి, ఉండలు చుట్టి, ఆరబెట్టుకుంటాడు. పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ ఆ ఉండలన్నీ ఒకే లావు, ఒకే బరువు ఉండాలి. లేకపోతే చెయ్యి ఎంత కుదురుగా ఉన్నా దెబ్బ తలో కొమ్మకూ తగులుతుంది. ఉండేలు రబ్బరు పొట్టిదైతే దానికి తగ్గట్టు ఉండ బరువు కూడా మారాలి. ఈ లెక్క అతనికెవరూ నేర్పలేదు. పది ఉండలు వృథా అయ్యాక చేతికే తెలిసొచ్చింది.

గొట్టం పొట్టిదైన వేట రైఫిలుకు ఏ ఫ్యాక్టరీ తూటా నప్పుతుందన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. తేడా ఒక్కటే. ఇక్కడ ఉండ చుట్టేది కాపలా మనిషి కాదు, ఎక్కడో ఉన్న కర్మాగారం. కొలత కాల్చేవాడి చేతిలోంచి జారి కర్మాగారానికి, అక్కడి నుంచి సర్కారుకు ఎలా పోయిందో చెప్పేదే తూటా కథ.

నాటు తుపాకీ పట్టినవాడికి ఈ బాధ లేదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుండు దింపి, కడ్డీతో దట్టించేవాడు. గొట్టం పొట్టిదైతే మందు ఓ చిటికెడు తగ్గించేవాడు. కాకపోతే ఒక గుండుకూ ఇంకో గుండుకూ పొంతన ఉండేది కాదు. వాన పడితే మందు తడిసి తుస్సుమనేది. చెకుముకి రాయి కొట్టగానే బయట మందు భగ్గుమని, లోపలి మందు అంటుకునేలోపే పిట్ట ఎగిరిపోయేది.

ఆ భగ్గుమనడం మీద చిరాకు పడినవాడు ఓ మతాధికారి. స్కాట్లండ్‌లోని బెల్‌హెల్వీ చర్చిలో పనిచేసే అలెగ్జాండర్ ఫోర్సైత్‌కు పక్షుల వేటంటే ఇష్టం. నిప్పురవ్వతో కాకుండా దెబ్బతోనే పేలే రసాయనంతో తుపాకీ మందు అంటించవచ్చని ఆయన కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత అదే రసాయనం చిన్న రాగి టోపీలో ఇమిడింది. 1812లో పారిస్‌లో శామ్యూల్ పౌలీ అనే స్విస్ పనివాడు గుండు, మందు, అంటించే రసాయనం మూడింటినీ ఒకే గొట్టంలో కూర్చి వెనక నుంచి పెట్టే తుపాకీకి పేటెంటు పొందాడు. 1866 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బాక్సర్, అమెరికాలో హైరమ్ బెర్డన్ ఎవరికి వారే తూటా అడుగున రాగి టోపీ అమర్చే తీరును తేల్చారు. ఇవాళ్టి తూటాలు చాలావరకు ఈ ఇద్దరి దారుల్లోనే నడుస్తున్నాయి.

దాంతో ఉండలన్నీ ఒకే బరువుకు వచ్చాయి. కానీ లోపల ఏముందో కొన్నవాడికి కనపడదు. ఈ కనపడకపోవడం ఎంత పని చేయగలదో మన దేశం అంతకు ముందే చూసింది. ఎన్‌ఫీల్డ్ రైఫిలు కాగితపు తూటాను పళ్లతో చింపి మందు పోయాలి. దాని కొవ్వు ఆవుదో పందిదో అన్న మాట 1857 జనవరిలో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో పుట్టి దండులన్నీ పాకింది. ఆ ఏడు జరిగిన సిపాయిల తిరుగుబాటు అందరికీ తెలిసిందే. సర్కారు పాఠం మాత్రం ఇంకో రకంగా నేర్చుకుంది: తూటా ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. 1878 ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు లేనిదే తుపాకీ లేకుండా చేసింది.

ఇక తూటా లోపలి మందు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ పొగరాని మందు చేశాడు. పాత నల్ల తుపాకీ మందు కంటే దీని బలం చాలా ఎక్కువ. సన్నటి గుండును అంతకు ముందెన్నడూ లేని వేగంతో తోస్తుంది. అయితే అది పని పూర్తి చేయాలంటే తగినంత గొట్టం కావాలి. గొట్టం పొట్టిదైతే గుండు వెనక వాయువుల ఒత్తిడి ఇంకా మిగిలుండగానే దారి అయిపోతుంది. ఆ మిగులంతా మూతి దగ్గర మంటగా, మోతగా బద్దలవుతుంది. గుండు వేగం మాత్రం తగ్గుతుంది. తూటానుబట్టి అంగుళం కోతకు సెకనుకు 20 నుంచి 50 అడుగుల దాకా పోవచ్చు. తూటా పెట్టె మీద ముద్రించే వేగం సాధారణంగా 24 అంగుళాల పరీక్ష గొట్టంతో కొలిచింది. 18 అంగుళాల రైఫిలు ఉన్నవాడు ఆ అంకెను నమ్మితే తూకం చూడకుండా కాయ కొన్నట్టే.

ఆ లెక్క కుదిరిన జోడీ ఒకటి 1903లో ఆస్ట్రియాలో వచ్చింది. మాన్లిహెర్ షోనావర్ కార్బైను గొట్టం పొడవు 45 సెంటీమీటర్లు. గుర్రం మీదా కొండ దారుల్లోనూ మోయడానికి తేలిక. దాని 6.5 మిల్లీమీటర్ల తూటాలో గుండు పొడుగు, మొన గుండ్రం, బరువు 160 గ్రెయిన్లు, అంటే సుమారు 10 గ్రాములు. అది వేగం మీద కంటే తన పొడవు మీద, బరువు మీద ఎక్కువ ఆధారపడుతుంది కాబట్టి గొట్టం తగ్గినా పని చెడలేదు. అందుకే వేటగాళ్లు ఆ జోడీని విడదీయకుండా వాడుకున్నారు.

గుండు మొన సంగతి మళ్లీ డమ్‌డమ్‌కే తీసుకెళ్తుంది. 1890లలో అక్కడి అధికారి బెర్టీ క్లే సైన్యం వాడే .303 అంగుళాల గుండు మొన మీద రాగి మిశ్రమపు తొడుగు తీసి సీసం బయటపెట్టాడు. ఒంటికి తగలగానే గుండు పువ్వులా విచ్చుకునేది. ఈ క్రూరత్వం యుద్ధంలో వద్దని 1899లో హేగ్ సమావేశం తీర్మానించింది. వేటలో దీనికి పూర్తిగా తిరగబడిన న్యాయం. విచ్చుకోని గుండు జంతువును చంపకుండా గాయపరిచి వదిలేస్తుంది కనుక అక్కడ మెత్తని మొనే దయ. అయితే విచ్చుకోవడానికీ కొంత వేగం కావాలి. పొట్టి గొట్టంలోంచి నీరసంగా వచ్చిన గుండుకు మొన గట్టిదైతే తెరుచుకోదు. అందుకే పొట్టి రైఫిలు ఉన్నవాడు ముందు చూడాల్సింది పెట్టె మీది వేగం కాదు, తక్కువ వేగంలో కూడా విచ్చుకునే గుండు.

ఇంత ఆలోచన వేటగాడిది. మన దగ్గర ఎంపిక చేసింది మాత్రం సర్కారు భయం. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి వస్తే దాన్ని దొంగిలించిన సర్కారు తుపాకీలోనూ వాడొచ్చు. అందుకని ఆ సైజు పౌరులకు నిషేధం. 1907లో .450 సైజు రైఫిళ్లకూ భారతదేశంలో ఇదే గతి పట్టింది. కొండంత ఏనుగుకు తుపాకీ చేసే లండన్ కంపెనీలు ఆ దెబ్బకు .465 వంటి కొత్త కొలతలు సృష్టించాయి.

పేదవాడి రైఫిలుకు దొరికిన దారి ఇంకా విచిత్రం. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ కంపెనీ బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు యంత్రాంగాన్నే తీసుకుని దానిలో ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్లిహెర్ తూటా పట్టేలా గొట్టం బిగించింది. అదే మన .315. రైఫిలు ఒంటికి బ్రిటిష్‌ది, కడుపులో పడేది ఆస్ట్రియాది. దండులోని తూటా దీనికి ఎక్కదు, దీని తూటా దండుకు పనికిరాదు.

ఆ తూటాకు పొట్టి గొట్టం కొత్త కాదు. 1895 నమూనా ఆస్ట్రియా రైఫిలు గొట్టం సుమారు 77 సెంటీమీటర్లు ఉండగా దాని పొట్టి తమ్ముడు స్టుట్‌సెన్‌ది 48 మాత్రమే. రెండింటికీ తూటా ఒకటే, సుమారు 244 గ్రెయిన్ల బరువైన గుండు. తమ్ముడు భుజాన్ని గట్టిగా తన్నేవాడు, మూతి దగ్గర మంట చిమ్మేవాడు. 1930లో ఆస్ట్రియా ఆ తూటాను పక్కనపెట్టి ఇంకో పెద్దదానికి మారింది. పుట్టింట పోయిన ఆ తూటా మెట్టినింట బతికింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా .315 రైఫిలును ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేస్తూనే ఉంది. తూటా పుణె పక్కన ఖడ్కీ కర్మాగారంలో తయారైంది. మూతి మంట బాధ .303కూ తప్పలేదు. ఆ రైఫిలును పొట్టి చేసిన 1944 నాటి జంగిల్ కార్బైన్ గొట్టం 18.75 అంగుళాలు. దాని మూతికి మంటను దాచే గరాటా పెట్టాల్సి వచ్చింది. కానీ ఆ .303 తూటా మన పౌరుడికి నిషిద్ధం.

స్వతంత్ర దేశపు 1959 ఆయుధాల చట్టం గొట్టం పొడవును కూడా కొలిచింది. ఆత్మరక్షణకో వేటకో నునుపు గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటే గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. పంట కాపలాకైతే మూతి నుంచి దట్టించే తుపాకీ. అంటే, మందు చేత్తో కొలుచుకునే ఆ పాత పద్ధతిని చట్టం రైతు కోసం అట్టే పెట్టింది. తర్వాత 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, దాని 1991 సవరణతో వేట దాదాపు ఆగిపోయింది. తోటలో పడ్డ అడవి పందినైనా అధికారుల అనుమతి లేకుండా కాల్చకూడదు.

ప్రపంచంలో మిగతాచోట్ల ఎంపిక మళ్లీ వేటగాడి వైపు జరిగింది. శబ్దం తగ్గించే గొట్టాలు బిగించుకునేవారు మొత్తం పొడవు పెరగకుండా రైఫిలును పొట్టి చేయించుకుంటున్నారు. జర్మనీలో ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ పొట్టి గొట్టాల కోసమే తూటాలు చేస్తోంది. అమెరికాలో 2011లో ప్రమాణం పొందిన .300 బ్లాక్‌అవుట్ తూటాలో మందు తక్కువ, అదీ త్వరగా కాలే రకం. పొట్టి గొట్టంలోనే పని ముగించాలన్నది దాని రూపకల్పన. ఉండేలు పొట్టిదైతే ఉండ మారాలన్న తోట లెక్కే అది.

నూజివీడు తోటలో ఆ లెక్కకు లైసెన్సు అక్కర్లేదు. ఇవాళ్టి ఉండలు కాస్త బరువెక్కి కొమ్మకు కింద పడుతుంటే కాపలా మనిషి రేపు పిసికేటప్పుడు మట్టి తగ్గిస్తాడు. కొలత అతని చేతిలోనే ఉంది.