పాదాలే పీట

ఆ కట్టె ఇంకింత లోపటికి నూకు బిడ్డా, పొగ చిన్నోని దిక్కు పోతున్నది. గొంగడి కప్పినవా? మంచిది. ఇగ చెప్పు, ఏమో అడుగుతనంటివి. డైపర్ ఎట్ల మాన్పియ్యాలెననా? ఒక్కోటి 10 రూపాయలు, దినానికి అయిదు. నెలకు 1500 రూపాయలు చెత్తబుట్టల పడుతున్నయన్నమాట. మీ తాత సాంచ నడిపిన కాలంల గన్ని పైసలకు ఇల్లంత గడిచేది.

అప్పట్ల పసిపిల్లలకని కొన్నది ఏదన్న ఉన్నదంటె మొల్దారమే. నల్లదారం పేని నడుముకు కట్టేటోళ్లు. దానికే ముంగటికెల్లి ఎనుకకు ఒక పేలిక చెక్కితె గోచి అయ్యేది. ఉన్నోళ్లు ఆడపిల్లకు వెండి సిగ్గుబిళ్ల కట్టేటోళ్లు. సలికాలం తప్పిస్తె పిల్లలు ఇల్లంత బరిబాతల తిరిగేది. బరిబాతల ఉన్నోడు ఉచ్చ పోస్తె కాళ్ల మీదికెల్లి వెచ్చగ కారుతది, కిందికి సూస్తడు, అది తనే చేసిండని తెలుస్తది. ఇప్పటి డైపర్ తడినంత మింగేస్తది. పోసిన సంగతి వానికే తెల్వకపాయె, ఇగ నీకేం చెప్తడు?

మన సిరిసిల్లల గుడ్డకు కరువా అంటవు. సాంచాల సప్పుడు లేంది మనకు నిద్ర పట్టకపోయేది గని, సాంచ మీదికెల్లి దిగిన కొత్త గుడ్డ పిల్లలకు పనికిరాదు. పోగు తెగకుండ నూలుకు గంజి పడుతరు గదా, ఆ గంజి ఉన్నన్ని దినాలు గుడ్డ తడి పీల్చది. మీ తాత తెచ్చిన కొత్త ముక్క మీద నీళ్లు పోస్తె గుండ్లుగుండ్లుగ దొర్లిపోయేది. దాన్ని ఉడుకుడుకు నీళ్లల్ల నానవెట్టి, రెండుమూడు మాట్ల పిండి ఆరేస్తెగాని దారికి రాదు. అందుకే ఇంట్ల ముసలాయన కట్టికట్టి మెత్తబడ్డ ధోతి చింపేనాడు కోడండ్ల నడుమ పంచాయితే. నాకు రెండు ముక్కలు, నీకు రెండు ముక్కలని మా అత్తనే కొలిచి ఇచ్చేది. పాలిస్టర్ చీరెలు వచ్చినంక ఆ సుఖం కూడ పోయింది. అవి చినగయి, రంగు పోదు, తడి మాత్రం పీల్చయి. పిల్లల తొడలు ఒరుసుకపోతయి. నువ్వు గుడ్డలు కుట్టుకుంటనంటె నూలు బట్టనే ఎతుకు, అది కూడ పాతదే.

పాటీ కుర్చీ అనేది మేం సూడనే లేదు. మా అత్త పాదాలే పీట. పిల్లగాడు మెడ నిలిపినంక మొదలుపెట్టేది. పొద్దుగాల వాడు కండ్లు తెరవంగనే ఎత్తుకొని వాకిట్ల ఓ అంచుకు కూసునేది. కాళ్లు ముంగటికి చాపి, మడిమెలు నేలకు ఆనిచ్చి, రెండు పాదాల నడుమ ఇంత సందు ఇడిసేది. ఆ సందు కింద ముందే దోసెడు పొయ్యి బూడిద పోసి ఉంచేది. వాని తొడలు పాదాల మీద ఆనేటట్టు, మొఖం తన దిక్కు మళ్లిచ్చి కూసోబెట్టేది. రెండు చేతులు వాని చంకల కింద. మోకాండ్లు పైకి లేచి కడుపుకు తాకుతయి చూడు, ఆ కూసునుడుతోనే సగం పని అయితది. మిగిలిన సగం నోటితోటి. "ఇష్ష్... ఇష్ష్..." అని సన్నగ సప్పుడు చేసేది. ఆ సప్పుడు ఎప్పుడు పడితె అప్పుడు చెయ్యొద్దనేది మా అత్త. వాడు పోస్తుంటెనే చెయ్యాలె. కొన్నాళ్లకు ధార, సప్పుడు వాని మనసుల జతపడుతయి, సప్పుడు ఇనంగనే పోస్తడు. పని అయినంక బూడిదతో కలిపి రేకు మీదికి ఎత్తేస్తె నేల మీద మరకుండకపోయేది. మళ్ల పెండతో అలికితె వాసన కూడ ఉండకపోయేది.

యాళలు కూడ ఆమె లెక్కల ఉండేటియి. లేవంగనే ఒకసారి. పాలు తాగినంక ఇంకోసారి, ఎందుకంటె కడుపుల ఏదన్న పడంగనే కింది పేగు కదులుతది. తానానికి ముంగట ఒకసారి, పండుకునే ముంగట ఒకసారి. ఈ నడుమ పిల్లగాని మొఖం మీదనే ఆమె కన్ను. ఆడుకుంటాడుకుంటనే బొమ్మలెక్క నిలవడితె, తలుపు చాటుకు పోతె, మొఖం ఎర్రగ చేస్తె, బియ్యం ఏరుతున్న చాట పక్కకు పెట్టి ఎత్తుకొని ఉరికేది. మీ నాయిన ఏడాదిన్నరకే "అవ్వా, కక్క" అని ఆమె కొంగు గుంజేటోడు.

గిదంత ఇని, ఆ కాలమే మంచిగుండెననకు. అప్పుడు పైసలు పోలేదు గని, ఆడిమనిషి నడుము పోయింది. వానకాలం మూడొద్దుల ముసురు పడితె దండెం మీద ఒక్క గుడ్డ ఆరకపోయేది. నిప్పుల కుంపటి మీద ఎదురు బుట్ట బోర్లిచ్చి, దాని మీద గుడ్డలు పరిచి, మాడకుండ రాత్రంత తిప్పుకుంట కూసునేదాన్ని. సాన్పు గుడ్డలు సాకలామె మోసుకపోయి చౌడు మన్నువెట్టి ఉతికేది. పంటలప్పుడు ఇంత గింజలు కొలిచేటోళ్లు ఆమెకు. ఆ పనికి అది ఏపాటి కూలి? ఇంట్ల మొగోళ్లు మాత్రం పిల్లగాడు తడి చేస్తె "ఓ, ఇగో!" అని కేకేసేటోళ్లు, లేచి రాకపోయేది.

ఇంకో తప్పు కూడ ఊరంత చేసేది. పాలు తాగే పిల్లల దొడ్డికి దోషం లేదని పెరటి కంచె అవతల ఇసిరేసేటోళ్లు. కోళ్లు కెలికేటియి, అదే మట్టిల పిల్లలు ఆడేది. ఏలికపాములు, నీళ్ల విరేచనాలు ఊకెనే రాలేదు. అంగన్‌వాడీలు దేశంల 1975 అక్టోబర్ 2నాడు 33 తావుల మొదలైనయట. మన వాడకు మస్తు ఏండ్లకు వచ్చింది, నేను టీచర్‌గ చేరిన. ట్రైనింగుల మాకు గట్టిగ చెప్పిన మాట ఇదే: పిల్లల దొడ్డిల కూడ పెద్దోళ్ల దాంట్ల ఉన్నన్ని రోగాలుంటయి, దాన్ని లెట్రిన్లనే పొయ్యాలె, సబ్బుతోటి చేతులు కడుక్కోవాలె. దేశంల 2015 సంది ఫిబ్రవరి 10నాడు సెంటర్లల్ల నులిపురుగుల గోలి ఇస్తున్నరు. ఏడాది నిండినోళ్లకు అరగోలి, రెండేండ్లు నిండినంక నిండు గోలి. మనోనికి ఏపియ్యి, మర్చిపోకు.

డల్లాస్‌ల ఉన్న మీ చిన్నత్త ఫోన్ల వేరే ముచ్చట చెప్పింది. అక్కడ పిల్లగాడు తయారైనంకనే మొదలుపెట్టాలె, తొందర పెట్టొద్దంటరట. బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టరు 1962ల ఆ మాట రాసిండట. పాంపర్స్ డైపర్ బజార్లకు వచ్చింది 1961ల. రెండు కలిసి నడిచినయి, ఆగే ఓపిక తల్లికి వచ్చింది, కొనే ఖర్చు కూడ వచ్చింది. అయితె ఆ డాక్టరు మాటల ఒకటి నాకు నచ్చింది: బలవంతం చెయ్యొద్దు. మా అత్తకు కోపం ఎక్కువే గని, దొడ్డి కాడ మాత్రం పిల్లలను ఏనాడు కొట్టలె. భయపడ్డోడు బిగవట్టుకుంటడు, బిగవడితె గట్టిపడుతది, గట్టిపడితె నొస్తది, నొస్తె మళ్ల బిగవడుతడు. అప్పుడు తమలపాకు తొడిమెకు ఆముదం రాసి పెట్టుడు, ఆముదం తాపుడు చేసేటోళ్లు. నువ్వు గవి చెయ్యకు. నీళ్లు తాపు, బొప్పాయి పెట్టు, పప్పుల ఆకుకూర కలుపు. తగ్గకపోతె డాక్టరుకు చూపెట్టు.

ఇగ నీ సంగతి. వాడు ఏడాదిన్నర దాటిండు. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి డైపర్ పొడిగ ఉంటున్నదంటివి గదా, తడిని కొంతసేపు ఆపుకుంటున్నడన్నట్టు. ఇంట్ల ఉన్నప్పుడు డైపర్ ఇప్పెయ్యి, నూలు చెడ్డీలు ఓ డజను చాలు. మీది గచ్చు ఇల్లు, తుడుస్తె పోతది. తివాచీ చుట్టి పైకెక్కియ్యి. పీట కావాలెనంటె అంగట్ల మామూలు ప్లాస్టిక్ పాటీ కొను, పాట పాడేది, లైటు ఎలిగేది అక్కెర లేదు. కూసుంటె వాని పాదాలు నేలకు ఆనాలె, గదొక్కటే చూసుకో. అది కూడ వద్దంటె రెండు ఇటికెలు పెట్టు, నడుమ పాత పేపరు పరువు. పేపరు మీదిది లెట్రిన్ల దులుపు, పేపరు చెత్తల ఎయ్యి, లెట్రిన్ల ఎయ్యకు, పైపు జామైతది. అయిదు నిమిషాలు కూసోబెట్టు, రాకపోతె లేపెయ్యి. బయటికి పోయినప్పుడు, రాత్రిపూట డైపర్ ఉండనియ్యి. రాత్రి తడి ఆగుడు అన్నింటికంటె ఎనుక వస్తది, అయిదేండ్ల దాక దాని గురించి రంది పడొద్దు. దినానికి అయిదు పోయేకాడ రెండు పోతె నెలకు 900 మిగిలినట్టే గదా.

బడోళ్లు రెండున్నరేండ్లకల్ల డైపర్ లేకుండ పంపుమన్నరని వానికి చెప్పి భయపెట్టకు, నువ్వు కూడ భయపడకు.

మా ఇంట్ల ఈ పనికి అత్త ఉండె, తోడికోడండ్లుండిరి, పక్కింటి అవ్వ ఉండె. మీ ఇంట్ల ఉన్నది మీరిద్దరే, ఇద్దరు నౌకరి చేసెటోళ్లే. ఆరింటికి వాడు లేవంగనే కూసోబెట్టే వంతు అల్లునిది చెయ్యి. చాయ్ తాగుకుంట పేపరు సదివే టైమే గదా, వాని ముంగట కూసొని సదువుమను. "ఇష్ష్" అనుడు మొగోనికి కూడ వస్తది. పొద్దుగాల నేనే చెప్త తియ్యి, ఇప్పుడు పండుకొమ్మను.