2857 నంబరు బస్సు

(మన వస్తువులు, మన చరిత్ర – 9)



హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు ఫొటో దిగకుండా రారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. లోపల సింహాసనం లాంటి సీటు. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన చనిపోయాడు. దశాబ్దాల పాటు వాడకం లేకుండా పడివున్న ఆ కారును బాగుచేయించి ఇవాళ అద్దంలా నిలబెట్టారు. మంచిదే, పనితనం నిలవాల్సిందే. కానీ ఒక్కటి గమనించండి. రాజుగారి కారు ఎంత తుప్పు పట్టినా దాని పేరు పోదు. ఎవరు చేశారు, ఎవరు కొన్నారు అన్నది ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. ఎప్పుడైనా ఎవరైనా దాన్ని వెతుక్కుంటూ వస్తారు.

ఈ భాగంలో చెప్పబోయేది అలాంటి పేరు లేని బండి గురించి. ఒక సిటీ బస్సు గురించి.

అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ నగరం. 1970ల మొదట్లో అక్కడి కంపెనీ పాత బస్సులను వదిలించుకుంటుంటే ఒక స్థానికుడు ఒక బస్సు కొన్నాడు. ఇంజను లేదు, సీట్లు లేవు. పొలంలో పెట్టి కలప, పనిముట్లు దాచుకునే కొట్టంలా వాడుకున్నాడు. దాదాపు ముప్పై ఏళ్ళు అది ఎండకు ఎండింది, వానకు తడిసింది. అద్దాలు పోయాయి. రేకు తుప్పు పట్టింది. కొన్నప్పుడు కంపెనీ మనుషులు చెప్పిన ఒక మాట మాత్రం ఆ ఇంట్లో ఉండిపోయింది: ఇది రోసా పార్క్స్ ఎక్కిన బస్సు.

రోసా పార్క్స్ ఎవరో మనలో చాలామందికి తెలుసు. 1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం. మాంట్‌గోమరీ బస్సుల్లో ముందు పది సీట్లు తెల్లవాళ్ళవి. వెనక సీట్లు నల్లవాళ్ళవి. మధ్యలో కూర్చున్న నల్లవాళ్ళు, తెల్లవాడు ఎక్కితే లేవాలి. ఆ వరుసలో నలుగురు కూర్చున్నారు. ఎంపైర్ థియేటర్ స్టాపులో ఒక్క తెల్లవాడికి సీటు దొరకలేదు. ఆ ఒక్కడి కోసం డ్రైవర్ జేమ్స్ బ్లేక్ నలుగురినీ లేవమన్నాడు. నల్లవాళ్ళ పక్కన తెల్లవాడు కూర్చోకూడదు కదా! ముగ్గురు లేచారు. ఆమె లేవలేదు. అరెస్టు చేశారు. పది డాలర్ల జరిమానా, నాలుగు డాలర్ల కోర్టు ఖర్చులు వేశారు. డిసెంబర్ 5న మొదలైన బస్సుల బహిష్కరణ 381 రోజులు నడిచింది.

ఇంత పెద్ద సంగతి జరిగిన బస్సు ఏదో ఎలా తెలియాలి? ఆ కుటుంబం చెప్పే మాట ఒక్కటే చాలదు. అలాంటి మాట ఏ తుక్కు బస్సు గురించైనా చెప్పొచ్చు. చివరికి నిలబెట్టింది ఒక పాత స్క్రాప్‌బుక్. బహిష్కరణ రోజుల్లో ఆ బస్సు కంపెనీ స్టేషన్ మేనేజర్ పత్రికల్లో వచ్చిన వార్తలను కత్తిరించి ఒక పుస్తకంలో అంటించుకున్నాడు. పార్క్స్ అరెస్టు వార్త పక్కన తన చేత్తో రెండు ముక్కలు రాసుకున్నాడు: బ్లేక్, 2857. డ్రైవర్ పేరు, బస్సు నంబరు. అంతే.

మిషిగన్ రాష్ట్రం డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం వాళ్ళు నిపుణుల చేత ఆ పుస్తకాన్ని పరీక్ష చేయించారు. మాంట్‌గోమరీ మనుషులతో మాట్లాడారు. నమ్మకం కుదిరాక 2001 అక్టోబర్‌లో జరిగిన వేలంలో పాడారు. 4,92,000 డాలర్లకు బస్సు వాళ్ళ చేతికి వచ్చింది. ముప్పై ఏళ్ళు కలప దాచిన కొట్టానికి అంత ధర పలికించింది ఇనుము కాదు, కాగితం అంచున రాసిన నాలుగంకెలు.

ఆ అంకెలు రాసిన మనిషి మన పక్షం మనిషి కాదు. బహిష్కరణ వల్ల నష్టపోతున్న కంపెనీ ఉద్యోగి. మనకు ఇది కొత్త కాదు. అణగారినవాళ్ళ చరిత్ర రాయబోతే దారులు చాలాసార్లు ఎదుటివాడి దస్త్రాల్లోంచే పోతాయి. పోలీసు ఎఫ్ఐఆర్, రెవెన్యూ అడంగల్, మిషనరీ రిపోర్టు, దొరగారి పద్దు పుస్తకం. వాళ్ళ అవసరానికి వాళ్ళు రాసుకున్నదాంట్లో మన జాడ వెతుక్కుంటాం. దొరికితే అదృష్టం. దొరక్కపోతే, జరగలేదంటారు.

ఇక బాగుచేయడం సంగతి. ఆ బస్సు జనరల్ మోటార్స్ 1948లో మిషిగన్‌లోని పాంటియాక్‌లో తయారు చేసింది. 36 సీట్లు. దాన్ని బాగుచేసింది కూడా ఆ రాష్ట్రంలోనే. పోయిన భాగాలకు అదే కాలపు, అదే రకం బస్సుల భాగాలు తెచ్చారు. ఖర్చు మూడు లక్షల డాలర్లు దాటింది. అందులో రెండు లక్షలకు పైగా కేంద్ర ప్రభుత్వ నిధి. 2003 ఫిబ్రవరిలో బస్సు జనం ముందుకు వచ్చింది. ఎవరైనా ఎక్కి ఆ సీట్లో కూర్చోవచ్చు. 2012లో ప్రెసిడెంట్ ఒబామా కూడా ఎక్కి కూర్చున్నారు.

పాత బండిని బాగుచేసేవాళ్ళకు ఎప్పుడూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏ కాలానికి తీసుకుపోవాలి? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకా, వాడకంలో ఉన్న రోజులకా? ఏ సొట్ట తీయాలి, ఏ సొట్ట ఉంచాలి? వీళ్ళు 1955 నాటి రూపాన్ని ఎంచుకున్నారు. దాంతో పొలంలో గడిచిన ముప్పై ఏళ్ళు చెరిగిపోయాయి. ఒక దేశం తన చరిత్రనే కట్టెల కొట్టంగా వాడుకున్న ఆ ముప్పై ఏళ్ళ తుప్పు కూడా చరిత్రే కదా అని నాకు అనిపిస్తుంది. కానీ అలాగే వదిలేస్తే మిగిలేది రేకు ముక్కలు. నిర్ణయం సులువు కాదు.

బండికి రంగు వేసినట్టే కథకూ వేస్తారు. రోసా పార్క్స్ కథ మనకు ఎలా చేరింది? పగలంతా కుట్టుపని చేసి కాళ్ళు నొప్పులతో సీట్లో కూలబడ్డ ఒక అమాయకపు ఆడమనిషి, అనుకోకుండా లేవనంది అని. స్కూలు పుస్తకాలకు బాగా నప్పే కథ. నిజం వేరు. ఆమె అప్పటికే మాంట్‌గోమరీ ఎన్ఏఏసీపీ శాఖకు కార్యదర్శిగా ఏళ్ళ తరబడి పనిచేసింది. 1955 వేసవిలో టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ ఫోక్ స్కూలులో ఉద్యమ శిక్షణ తీసుకుంది. 1943లో వెనక తలుపు నుంచి ఎక్కమంటే వినలేదని ఆమెను బస్సు దింపేసిన డ్రైవర్ కూడా ఈ బ్లేకే. ఒంటి అలసట వల్ల కాదని ఆమే తర్వాత చెప్పింది. అయినా అలసిపోయిన ఆడమనిషి కథే ఇప్పటికీ చెల్లుతోంది. ఎందుకంటే అలసిపోయినవాళ్ళ మీద జాలి పడొచ్చు. ఆలోచించి తిరగబడినవాళ్ళతో లెక్క తేల్చుకోవాలి.

ఫొటోలూ అంతే. పోలీసు ఆమె వేలిముద్రలు తీసుకుంటున్న ప్రసిద్ధ ఫొటో డిసెంబర్ 1 నాటిది కాదు. 1956 ఫిబ్రవరిలో బహిష్కరణ నాయకులను మూకుమ్మడిగా అరెస్టు చేసినప్పటిది. బస్సు కిటికీలోంచి ఆమె బయటికి చూస్తుంటే వెనక సీట్లో ఒక తెల్లవాడు కూర్చున్న ఫొటో కూడా కోర్టులో గెలిచాక, 1956 డిసెంబర్ 21న, పత్రికల కోసం తీసింది. వెనకున్నవాడు విలేకరి.

మ్యూజియంలో నిలబడ్డది ఒక బస్సు, ఒక పేరు. కోర్టులో గెలిచిన కేసు బ్రౌడర్ వర్సెస్ గేల్. అందులో పార్క్స్ వాది కాదు. ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కాల్విన్, మేరీ లూయిస్ స్మిత్. ఈ నలుగురు ఆడవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? కాల్విన్ పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, పదిహేనేళ్ళ వయసులో సీటు ఇవ్వనంది. బేడీలు వేసి తీసుకుపోయారు. ఆ కేసు రికార్డును కోర్టు కొట్టేసింది 2021లో. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి.

విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది. జో ఆన్ రాబిన్సన్. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. పార్క్స్ అరెస్టయిన రాత్రి ఒక సహోద్యోగిని, ఇద్దరు విద్యార్థులను తోడు తీసుకుని కాలేజీ సైక్లోస్టైల్ మిషను మీద తెల్లవారే దాకా వేల కరపత్రాలు తీసింది. సోమవారం బస్సు ఎక్కవద్దని. ఆ తర్వాత పోలీసులే వచ్చి ఆమె కారు మీద యాసిడ్ పోశారు. పైకప్పుకు చిల్లులు పడ్డాయి. ఆమె ఆ కారును వదులుకోలేదు. ఏళ్ళ తరబడి ఉంచుకుంది, గర్వంగా. ఆ చిల్లులను పూడ్చి రంగు వేస్తే ఆ కారు ఏమి చెబుతుంది?

ఇంకో మాట. బస్సు నిలిచిన డియర్‌బోర్న్ ఎలాంటి ఊరు? 1942 నుంచి 1978 దాకా మేయరుగా ఉన్న ఆర్విల్ హబ్బర్డ్ నల్లవాళ్ళను ఊళ్ళో ఇల్లు కట్టుకోనివ్వకుండా చూడ్డమే రాజకీయంగా బతికాడు. ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనికి నల్లవాళ్ళు కావాలి, కాపురానికి వద్దు. ఊరి పనికి కావాలి, ఊళ్ళోకి వద్దు అనే ధర్మం మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పార్క్స్ మాత్రం బెదిరింపుల వల్ల, పని దొరక్క 1957లో పక్కనున్న డెట్రాయిట్‌కే వలస వచ్చింది. 2005లో అక్కడే చనిపోయింది.

బండికీ కులానికీ ఉన్న సంబంధం బాబాసాహెబ్ స్వయంగా రాశారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో. 1901లో చిన్నపిల్లాడిగా మసూర్ స్టేషన్‌లో దిగితే, మహర్ పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. 1929లో, విదేశీ డాక్టరేట్లు తీసుకుని ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా తిరుగుతున్నప్పుడు, చాలీస్‌గావ్‌లో మహర్‌ను ఎక్కించుకుని తోలడం తమ పరువుకు తక్కువని టాంగావాళ్ళు రామన్నారు. తోలడం రాని మహర్ మనిషి ఒకడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద టాంగా దెబ్బతింది. బాబాసాహెబ్ రాళ్ళ మీద పడ్డారు. కాలు విరిగింది. ఆ టాంగా ఏ మ్యూజియంలోనూ ఉండక్కర్లేదు. ఎందుకంటే ఆయన రాసిపెట్టారు. ఎదుటివాడి స్క్రాప్‌బుక్ మీద ఆధారపడకుండా, ఊరి పేరుతో, ఏ కమిటీ పని మీద వెళ్ళారో దానితో సహా.

రాత దాచడం వల్ల మిగిలింది ఇంకొకటి చెబుతాను. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు పెట్టిన అర్జీ ప్రతులు పంపమని. డుబోయిస్ జవాబు రాశారు. డుబోయిస్ కాగితాలను మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం భద్రం చేసింది కాబట్టే ఆ ఉత్తరం ఇవాళ మనం చదవగలుగుతున్నాం. పదేళ్ళ తర్వాత, 1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ కన్నుమూశారు. సరిగ్గా రెండు వారాలకు, డిసెంబర్ 20న, కోర్టు ఉత్తర్వు మాంట్‌గోమరీకి చేరింది. మర్నాడు నల్లవాళ్ళు నచ్చిన సీట్లో కూర్చున్నారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1985 జూలై 16న కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త ఎదురు తిరిగి బిందె ఎత్తింది. మర్నాడు దాడిలో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ బిందె ఎక్కడుంది? 1991లో చుండూరు గొడవ మొదలైంది సినిమా హాల్లో సీటు దగ్గర, కాలు తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. ఇంతమంది చూసిన నేరానికే రుజువు చాలనప్పుడు, చీరాల శిబిరంలో తిన్న కంచానికి, రాసిన వాల్‌పోస్టరుకు, ఊరేగింపులో మోగిన డప్పుకు రేపు రుజువు ఎవరిస్తారు?

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాను. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇంట్లో, పేటలో ఉన్న ఒక్క వస్తువు ఎంచుకోండి. తాత తోలు పనిముట్లు కావచ్చు, హాస్టల్ ట్రంకుపెట్టె కావచ్చు, సభ కరపత్రం కావచ్చు, గుడి మెట్ల దగ్గర ఆపినరోజు వేసుకున్న చొక్కా కావచ్చు. ఫొటో తీయండి. దాని పక్కన ఊరు, తేదీ, ఎవరిది, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది రాయండి. ఫొటో వెనక పెన్సిలుతో రాస్తే ఇంకా మంచిది. ఫోన్లు పోతాయి. తోమి మెరుగు పెట్టకండి. సొట్ట ఉంటే సొట్ట ఎలా పడిందో రాయండి.

2857 అని రాసుకున్న ఆ మేనేజర్‌కు తాను ఏమి రాస్తున్నాడో తెలియదు. మనం తెలిసి రాద్దాం. రాసినవి నాకు పంపండి. వచ్చే భాగాల్లో ఒక్కొక్కటిగా పెడతాను, మీ పేరుతోనే.

జై భీమ్.