పెండ్లి రీలుల మిగిలిన బొమ్మలు

ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యి బిడ్డా, ఈ ముచ్చట తొందరగ ఒడిసేది కాదు. కొంగల ఫోటోలు, చెరువుల ఫోటోలు నీకేడియి తాతా అని అడిగినవు గద. అన్నీ పెండ్లిళ్ల పుణ్యమే.

నేను పని నేర్సుకున్న దినాలల్ల సూర్యాపేటల ఫోటో అంటే స్టూడియోనే. ఎనక పరద, పరద మీద రంగులేసిన మేడ, మెట్లు, పూలకుండి. మొగుడూ పెండ్లాన్ని కుర్చీలల్ల కూసొబెట్టి, కండ్లు ఆర్పకుండ్రి అని చెప్పి నొక్కేటోళ్లం. మునుగోడు, మర్రిగూడ దిక్కు సుట్టాలొస్తే నవ్వమన్నా నవ్వకపోయేటోళ్లు. పెదవులు బిగబట్టి కూసునేటోళ్లు. ఆడి బావుల నీళ్లల్ల ఫ్లోరైడు. పండ్లు గారపట్టి గోధుమ రంగుకు తిరిగేవి. ఆ నీళ్లను పటిక, సున్నం ఏసి బాగుచేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టిండ్రంటే సూడు, బాధ ఎంతదో. అందుకే నేను ఎవ్వర్నీ నవ్వుండ్రి అని బలవంతపెట్టకపోయేది. పెదవులు మూసుకున్నా కండ్లల్ల సంబురం కనవడతది, దాన్ని పట్టుకుంటే సాలు.

పెండ్లికి పోతే మెడల యాషికా కెమెరా. అండ్ల నూటిరవై రీలు ఏస్తే పన్నెండే బొమ్మలు. తలంబ్రాలకు ఒకటి, తాళికి ఒకటి, అప్పగింతలకు ఒకటి అని లెక్కపెట్టుకుంట తియ్యాలె. ఆఖరి రీలు ఎన్నడూ నిండకపోయేది. పెండ్లోళ్లేమో ఫోటోలెప్పుడిస్తవని తొందరపెడుదురు. నిండకున్నా కడగాల్సిందే. ఆ మిగిలిన ఒకటి రెండు బొమ్మలే నాయి. బస్సుకు నడుసుకుంట వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద ఏది కనవడితే అది తీసేటోణ్ని. మా స్టూడియో షావుకారి, "కొంగను తీస్తే కొంగ పైసలిస్తదారా?" అని నవ్వేటోడు.

మిర్యాలగూడ, కోదాడ దిక్కు పెండ్లిళ్లంటే నాకు పానం లేసొచ్చేది. ఎందుకంటే ఆ నేల కండ్ల ముందట మారుతుండె. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాది రాయేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీళ్లిడిసింది. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదికెళ్లి ఖమ్మం దిక్కు పోతది. నీళ్లు రాకముందు ఎటు సూసినా జొన్న, సజ్జ, కంది, ఆముదం చెలకలే. ఆ చెలకలల్ల పూరేడు పిట్టలు, తీతువలు, కంచెల కింద కుందేళ్లు. కాలువొచ్చినంక చెలక మడైంది. మడిల నీళ్లు నిలిస్తే నత్తలైతయ్, నత్తలైతే నత్తగుల్ల కొంగ దిగుతది. దాని ముక్కు మూసినా నడుమ సందు ఉంటది సూడు, అదే గుర్తు. నాగలెనక తెల్లకొంగలు, నాగలి పోయినంక ట్రాక్టరెనక తెల్లకొంగలు. నాగలెనక తీసిన బొమ్మ, ట్రాక్టరెనక తీసిన బొమ్మ పక్కపక్కన పెడితే కొంగల్ల ఏ మార్పూ కనవడదు. మారింది మనమే.

వరి పెరిగినంక మిర్యాలగూడల మిల్లులు లేసినయ్. కోతల కాలంల వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందట బారుగ ఆగేవి. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెడితే ఆ వాసన ఊరి బయటికే వచ్చేది. వాసన ఫోటోల పడదు గని ఆవిరి పడతది. దానికి ఒక కిటుకుంది, విను. పొద్దును ఎనక పెట్టుకుని తీస్తే ఆవిరి కనవడనే కనవడదు. పొద్దును ఎదురుంగ పెట్టుకుని, నువ్వు గోడ నీడల నిలబడి తీస్తే తెల్లగ మెరుస్తది, అండ్ల కూలోళ్లు నల్లగ తేలుతరు.

రాయికైతే లెక్క వేరే. పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం సూసినవు గద. 1208ల రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టిచ్చింది. నల్లరాయి, అద్దం తీరు నున్నగ ఉంటది. కొత్తజంటలను ఆడికి తోలుకపోతే, నడిమధ్యాహ్నం ఎండకు శిల్పమంత సదునైపోయేది. పొద్దు ఏటవాలుగ పడ్డప్పుడే చెక్కిన గీత లేసి కనవడతది. పురోహితుడు పెట్టిన ముహూర్తం పెండ్లికి, పొద్దు పెట్టిన ముహూర్తం ఫోటోకు.

ఇగ రాబందుల ముచ్చట. కోదాడ దిక్కు ఒక పెండ్లి నుంచి వస్తుంటే ఊరి బయట సచ్చిన ఎద్దు మీద గుంపుగ వాలినయ్. మెడలు బోడిగ, రెక్కలు ఇప్పితే మనిషి నిలువు దాటేటట్టుండె. మిగిలిన బొమ్మ వాటి మీద పెట్టిన. రీలు కడిగి సూస్తే అప్పగింతల బొమ్మ పక్కనే రాబందులు! షావుకారి గుండె జారిపోయింది. "పెండ్లోళ్లు సూస్తే అశుభమని కొడతరు, దాన్ని కత్తిరించి పారెయ్" అన్నడు. కత్తిరించిన గని పారెయ్యలే. ఇయ్యాల సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ నడుమ ఎంత తిరిగినా ఒక్క రాబందును సూపెట్టు నాకు. పశువులకు నొప్పికి డైక్లోఫెనాక్ అని మందిచ్చేటోళ్లు. ఆ మందు పడ్డ పశువు సచ్చినంక దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయినయ్. దేశమంత కొన్నేండ్లల్ల ఊడ్సుకపోయినయ్. 2006ల సర్కారు పశువులకు ఆ మందు బందువెట్టింది. అప్పటికే మన ఆకాశం ఖాళీ అయింది. అశుభమన్న ఆ బొమ్మనే ఇప్పుడు అందరూ అడుగుతరు.

పెండ్లి ఇంకో మేలు చేసింది. నా కొంగల ఎనక తారీకు రాసుకోలే. అయినా అడుగు, చెప్త. ఎందుకంటే అదే రీలుల పెండ్లుంది, పెండ్లికి శుభలేఖుంది. ఫలానోళ్ల బిడ్డ పెండ్లి నాడు పాలపిట్ట తీగ మీద కూసుంది, ఫలానోళ్ల కొడుకు పెండ్లి నాడు చెరువు అడుగంటి ఎర్రకాళ్ల కొంగలు చేపలకు దిగినయ్. మూసీ ప్రాజెక్టు అంచుకు పోయిన, వాడపల్లిల మూసీ కృష్ణల కలిసేకాడికి పోయిన, అంతా ఎవరో ఒకరి ముహూర్తం లెక్కనే.

గని ఒకటి గమనించినవా? నా ఫోటోల డబ్బ మొత్తం సూడు, ఆషాఢం ఒక్కటి లేదు. మాఘం ఉంది, ఫాల్గుణం ఉంది, వైశాఖం కుప్పలు కుప్పలు. ఆషాఢంల పెండ్లిళ్లుండవు, పెండ్లి లేకపోతే రీలు లేదు, రీలు లేకపోతే బొమ్మ లేదు. అందుకే నా దగ్గర ఎండిన చెరువులే ఎక్కువ, అలుగు దుంకే చెరువు లేదు. తాటిమట్టకు యాలాడే ఎండిన గిజిగాడి గూళ్లున్నయ్, అది గూడు అల్లుకుంట ఉన్న బొమ్మ లేదు. కోసిన వరి ఉంది, వానల తడుసుకుంట ఆడోళ్లు నాటేసే బొమ్మ లేదు. నా ఫోటోలు సూసినోడు ఈ జిల్లాల వాన పడదా అనుకుంటడు.

నీ ఫోన్ల తారీకు దానంతటదే పడతది. ఊరి పేరు, చెరువు పేరు, పిట్ట పేరు మాత్రం నువ్వే రాయాలె. పేరు తెల్వకపోతే ఆడ మేకలు కాసేటోణ్ని అడుగు, చెప్తడు. నాట్లేసేటోళ్లను తీసే ముందు వాళ్లనూ ఒక మాట అడుగు, తీసినంక సూపెట్టు. వచ్చే ఆషాఢంల పో. నేనంటే పెండ్లి లేదని పోలే, నీకు పెండ్లితోటి పనేముంది?