ధూళి లెక్కలు

దుమ్మంటే ఇల్లాలికి పగ. పొద్దున్న దులిపితే సాయంత్రానికి మళ్ళీ హాజరు. మాటల్లోనూ దానికి మర్యాద తక్కువే. ఎవర్నైనా తిడితే దుమ్మెత్తి పోశారంటాం. మోసం చేస్తే కళ్ళల్లో దుమ్ము కొట్టాడంటాం. అదే దుమ్ము పట్టుచీర కట్టుకున్నట్టు "ధూళి" అయిందంటే చాలు, హోదా వచ్చేస్తుంది! పెద్దల పాదధూళి నెత్తిన పెట్టుకుంటాం. ఆవులు ఇంటికొచ్చే గోధూళి వేళ పెళ్ళిళ్ళకి ముహూర్తమవుతుంది.

ఇంతకన్నా పెద్ద గౌరవం కూడా ధూళికి ఉండేదని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. పూర్వం మనవాళ్ళు లెక్కలు చేసింది పలక మీద పరిచిన ధూళిలోనేనట. అంకె వేయడం, పని తీరగానే చెరిపి దాని చోట ఇంకోటి వేయడం. అందుకే గణితానికి పాటీగణితమనీ, ధూళికర్మ అనీ పేర్లు. పాటి అంటే పలక. మన లెక్కలు అరబ్బుల దగ్గరికి వెళ్ళినప్పుడు ధూళి కూడా వెంట వెళ్ళింది. ఉత్తర ఆఫ్రికాలో, స్పెయిన్‌లో ఆ అంకెల్ని ఘుబార్ అంకెలన్నారు. ఘుబార్ అంటే అరబ్బీలో ధూళే! ఈనాడు మన పిల్లలు రాసే 1, 2, 3 వాటి వారసులే.

952 ప్రాంతంలో డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసీ అనే పండితుడు ఈ హిందూ లెక్కల మీద పుస్తకం రాస్తూ, ధూళిపలక మానేసి కాగితం, సిరా వాడమన్నాడు. వీధుల్లో జోస్యం చెప్పుకునేవాళ్ళ చేతుల్లో కనిపించే పలక పెద్దమనుషులకి నామోషీ అని ఆయన బాధ. అంకెలు చెరపకుండానే లెక్క చేసే పద్ధతులూ చూపించాడు.

నామోషీ మాటెలా ఉన్నా, చెరపకపోవడంలో పెద్ద లాభముంది. ధూళిలో చివరికి మిగిలేది జవాబొక్కటే. దానికోసం పడ్డ పాట్లన్నీ అరచేతి తుడుపుతో పోతాయి. కాగితం మీదైతే వెనక్కెళ్ళి ఎక్కడ ఏం చేశామో చూసుకోవచ్చు, నలుగురికీ చూపించవచ్చు.

మన లెక్కలు మాత్రం ఇంకా ధూళి లెక్కలే అనిపిస్తుంది నాకు. చుక్క తప్పకుండా పెట్టిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ళకింద చెరిగిపోతుంది. పాలకెంత, బియ్యానికెంత, పిల్లల ఫీజులకి దేన్ని తగ్గించాలి అని మనసులో వేసిన కూడికలూ తీసివేతలూ అంతే. నెలాఖరుకి ఇల్లు గడిచిందన్న జవాబే అందరికీ కనిపిస్తుంది.

దుమ్ము దులపడం ఎలాగూ తప్పదు. ఆ చేత్తోనే ఒక పద్దుపుస్తకం తెరిచి, చేసిన లెక్క చెరపకుండా రాసిపెట్టండి. "రోజంతా ఇంట్లో ఏం చేస్తావ్?" అని ఎవరైనా అడిగితే మాట్లాడకుండా చేతికివ్వచ్చు.