ముంబయి తెలుగువారి తలంటు

ఒక జాతి చరిత్ర వ్రాయబూనినవారు రాజ్యములను, యుద్ధములను, వర్తకమును, దేవాలయములను పేర్కొందురు గాని, ఆ జాతి స్త్రీపురుషులు తలకేమి రాచుకొనిరో, జుట్టు నెట్లు కడుగుకొనిరో వ్రాయరు. ఇదియు నొక చరిత్రయేనా యని కొందఱు నవ్వవచ్చును. కాని వలస పోవువాడు పొలమును, ఇంటిని వెంట తీసికొనిపోలేడు. తన దేహమును, దానిని కాపాడుకొను అలవాట్లను మాత్రమే తీసికొనిపోగలడు. మా పెద్దల మూటలలో జొన్నపిండితోపాటు కుంకుడుకాయలును బొంబాయికి వచ్చినవని మా యిండ్లలో చెప్పుకొందురు. ఆ కుంకుడుకాయ కథయే యీ వ్యాసమునకు విషయము.

18వ శతాబ్ది యుత్తరార్ధమున, విలియం హార్న్‌బీ గవర్నరుగా నున్న కాలమున (1771–1784), మహాలక్ష్మి కడ సముద్రపు గండిని పూడ్చు కట్ట నిర్మాణము జరిగెను. ముంపు తగ్గిన పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యములయ్యెను. నిజాము రాజ్యము నుండి వచ్చి, రాళ్ళు మోసి, మన్ను త్రవ్వి, గోడలు లేపిన తెలుగు పనివారు అచ్చట స్థిరపడిరి. వారిని స్థానికులు కామాఠీలనిరి. ఆ పేరే కామాఠిపురమునకు నిలిచినది. 1854లో కావస్‌జీ నానాభాయి దావర్ తొలి నూలుమిల్లును స్థాపించిన పిదప మిల్లులు పెరిగి, కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల పద్మశాలీలు పరేలు, ప్రభాదేవి, వర్లీల వైపు వచ్చిరి. 1896లో ప్లేగు వ్యాపించెను. దాని ఫలితముగా 1898లో ఏర్పడిన నగరాభివృద్ధి ట్రస్టు దాదరు, మాటుంగాలను తీర్చిదిద్దెను. 1920ల దశాబ్దమున వర్లీ, నాయిగావ్‌లలో ప్రభుత్వపు చాళ్ళు లేచెను. ఇట్లు కామాఠిపురపు గల్లీల నుండి దాదరు వఱకు మన వారి నివాసము విస్తరించెను.

ఈ వలసలో మారినవానిలో మొదటిది నీరు. తెలంగాణపు రాతినేలలలో బావినీరు పెక్కుచోట్ల కఠినజలము. అందు కాల్షియము, మెగ్నీషియము లవణములు హెచ్చు. అట్టి నీటిలో సబ్బు నురుగు పట్టదు. లవణములతో కలిసి తెల్లని తెట్టెయై వెండ్రుకల నంటుకొనును, జుట్టు పీచువలె నగును. కుంకుడులోను, శీకాయలోను గల సాపోనినులకు ఈ దోషము లేదు. కఠినజలములో సైతము అవి మురికిని వదలించును. పైగా సబ్బు క్షారగుణము కలది, ఈ రెండును కొంచెము ఆమ్లగుణము కలవి. మన చర్మమునకును స్వల్పమైన ఆమ్లగుణమే సహజము. మన పూర్వులు రసాయనశాస్త్రము చదువలేదు గాని, తమ బావినీటికి తగినది తమ యూరి చెట్టుననే కాయుచున్నదని అనుభవమున నెఱిగిరి.

బొంబాయి నీరు వేఱు. 1860లో విహార్ నుండియు, 1879లో తులసి నుండియు, 1892లో తాన్సా నుండియు నగరమునకు జలాశయముల నీరు వచ్చెను. ఇవి వానలతో నిండునవి, వీని నీరు మృదువైనది. ఇట్టి నీటిలో తలకు కొద్దిపాటి కుంకుడు పులుసే చాలును. ఊరి మోతాదునే యిచట పోసినచో, తలలోని సహజమైన జిడ్డు సయితము తుడిచిపెట్టుకొని పోవును. ఇక గాలి మాట. ఊరిలోనిది పొడిగాలి, ఇచటిది సముద్రపు తేమగాలి. గాలిలోని తేమ వెండ్రుకలోనికి చొచ్చి, అందలి హైడ్రోజను బంధములను సడలించి మరల కట్టును. అందుచేతనే వర్షాకాలమున వంకరజుట్టు పొంగి రేగును. “బొంబాయి నీళ్ళకు పిల్ల జుట్టు చెడినది” అని పెద్దలనుట మనమందఱము వినియున్నదే. నీరును గాలియు మారెను. మోతాదు మాత్రము మారలేదు. కష్టమంతయు ఇందుండియే వచ్చినది.

చాలులోని తలంటు మాకు నేటికిని కండ్లకు గట్టినట్లుండును. ఆదివారము గిర్నీకి సెలవు. నల్లా నీరు వచ్చు గడియ స్వల్పము. అవ్వ వేకువనే కుంకుడుకాయలు చితుకగొట్టి వేడినీట నానవేసి, పిసికి నురుగు తీసెడిది. మోరి యొద్ద పిల్లలు వరుసగా కూర్చుండెడివారు. ఆముదమో కొబ్బరినూనెయో అందఱి తలలకు నొక్కటే, పులుసు అందఱికి నొక్కటే, కండ్లు మండి యేడ్చుటయు అందఱికి నొక్కటే. నీరు తక్కువ, పిల్లలెక్కువ, సమయము లేదు. కావున అవ్వను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. కాని ఒకే మోతాదు తిన్నని జుట్టు గల అక్కకు మెఱుపు నిచ్చి, ఉంగరాల జుట్టు గల చెల్లెలి తలను పీచు చేసెను. చెల్లెలి జుట్టు “మొండిజుట్టు” అను పేరు తెచ్చుకొనెను. ఆ పేరే ఆ బిడ్డను జీవితమంతయు వెంబడించెను.

జుట్టు మనుష్యుని మర్యాదతో ముడిపడిన వస్తువు. ఈ విషయమున నీ నగరపు తెలుగువారు మఱువరాని ఘట్టమొకటి కలదు. భర్త మరణించిన స్త్రీకి తల గొఱిగించు దురాచారము అప్పుడు పశ్చిమభారతమునను, ఆంధ్రదేశమునను అగ్రవర్ణములలో ప్రబలియుండెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహమును జరిపించిరి. బొంబాయిలో 1890లో నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున మంగలివారు సభ చేసి, ఇకమీద వితంతువుల తలలు గొఱుగమని నిశ్చయించిరి. లోఖండే, జోతిరావు ఫులే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు చెందినవారు. ఆ సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచినవారిలో జయా కరాడీ లింగు, వ్యంకూ కాళేవార్ వంటి తెలుగు గుత్తేదారులుండిరని చెప్పుకొనుట మనకు గర్వకారణము. తన కూలిని వదలుకొని కత్తిని క్రింద పెట్టిన మంగలివాడు, స్త్రీ తల ఆమెదే యని చాటెను.

జుట్టును రకములుగా విభజించు శాస్త్రమునకు మంచి పుట్టుక లేదు. 19వ శతాబ్దిలో ఐరోపా పండితులు కొందఱు వెండ్రుక వంకరను బట్టి మానవులను జాతులుగా విడదీసిరి. మన దేశమున 1901 జనాభా లెక్కలకు అధికారియైన హెర్బర్ట్ రిస్లీ, 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించిన ఎడ్గర్ థర్‌స్టన్ మనుష్యుల తలలను, ముక్కులను కొలిచి హెచ్చుతగ్గులు వెదకిరి. ఆ దృష్టి నేడు శాస్త్రలోకమున నిలువలేదు. 1990ల దశాబ్దమున అమెరికాలోని క్షురకళానిపుణుడు ఆండ్రే వాకర్, జుట్టును సంరక్షణ నిమిత్తమై నాలుగు తరగతులుగా చెప్పెను. 2007లో శాస్త్రజ్ఞులు పెక్కు దేశముల వారి వెండ్రుకలను కొలిచి, జాతితో నిమిత్తము లేకయే ఎనిమిది రకములుగా వర్గీకరించిరి. ఒకే యింటిలో, ఒకే తల్లి బిడ్డలలో వేర్వేఱు రకములుండుట మనమెఱిగినదే. వెండ్రుక మొలచు కుదురు గుండ్రనిదైనచో వెండ్రుక తిన్నగా వచ్చును, అది వంగి చదునైనకొలది వంకర తిరుగును. ఇందులో ఎక్కువ తక్కువలకు చోటు లేదు.

తెలుగున ఈ భేదములకు చక్కని మాటలున్నవి. తిన్నని జుట్టు, నొక్కుల జుట్టు, ఉంగరాల జుట్టు, బిగిచుట్టల జుట్టు. ఈ మాటలు మన పిల్లలకు రావు. వారికి వచ్చినది “బాగున్న జుట్టు”, “బాగులేని జుట్టు” అను రెండు మాటలే. మా బంధువుల యింటి యొక కన్య పెండ్లికి ముందు తన ఉంగరాలను తిన్నగా చేయించుకొనవలెనని ఒక అంగడికి పోయెను. మూడు నెలలలో వెండ్రుకలు నడిమికి తెగినవి. పెండ్లినాడు సవరము పెట్టి జడ వేయవలసి వచ్చెను. ఇట్టి పనులకు వాడు ద్రవ్యములు కొన్నింటినుండి ఫార్మాల్డిహైడు వెలువడును. 2004లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దానిని మానవులకు కాన్సరు కలిగించు పదార్థముగా నిర్ణయించినది. ఆ బిడ్డ యేడ్పు చూచిన పిమ్మటనే మేమీ వ్యాసము వ్రాయ సంకల్పించితిమి.

తన జుట్టేదో యెఱుగుట కష్టము కాదు. నూనె లేకుండ తలంటుకొని, దువ్వక, ముడువక, తనంతట నారనిచ్చి చూడవలెను. అప్పుడు తిన్ననో, నొక్కులో, ఉంగరములో, బిగిచుట్టలో కంటికే తెలియును. రెండవది లావు. ఒక వెండ్రుకను బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పట్టి నలుపుడు. స్పర్శకు చిక్కనిది సన్నము, కుట్టుదారమువలె తెలియునది లావు. మూడవది మాడు. తలంటిన మఱునాడే జిడ్డెక్కునా, నాలుగు దినములైనను పొడిగానే యుండునా చూడవలెను. నాలుగవది నీటిని పీల్చు గుణము. జుట్టుపై నీరు చిలికినచో బొట్లుగా జారునది యొకటి, వెంటనే త్రాగునది యొకటి. రంగులు, వేడిమి, గట్టి రసాయనములు తగిలిన జుట్టు త్వరగా త్రాగును, త్వరగానే యెండును.

ఇక తగిన సంరక్షణ. తిన్నని జుట్టుపై మాడులోని జిడ్డు సులభముగా దిగును. కావున వారమునకు రెండు మూడు మార్లు కడుగవచ్చును, కడుగుటకు ముందు కొద్దిపాటి నూనె చాలును. నొక్కుల జుట్టుకు కుంకుడు కంటె శీకాయ మృదువు. ఆరిన పిదప కొసలకు రెండు చుక్కల నూనె మేలు. ఉంగరాల జుట్టులో మాడు జిడ్డు కొసల వఱకు చేరదు. దానిని వారమున కొకటి రెండు మార్లే కడిగి, మందారపు ఆకుల జిగురునో, నానబెట్టి రుబ్బిన మెంతులనో పట్టించి, తడిగా నున్నప్పుడే వెడల్పు పండ్ల దువ్వెనతో కొసలనుండి పైకి చిక్కు తీయవలెను. ఎండిన ఉంగరాలను దువ్వినచో తెగును. తిన్నని జుట్టు దీనికి విరుద్ధము, తడిసినప్పుడు సాగి తెగును గనుక కొంత ఆరిన పిదపనే దువ్వవలెను. బిగిచుట్టలకు నీరును నూనెయు అధికము, దువ్వెన స్వల్పము కావలెను. ఏ జుట్టుకైనను నుదుట లాగి బిగించిన జడ కుదుళ్ళను చంపును.

దాదరు బజారులో ఇవన్నియు దొరకును, పేర్లు మాత్రము మారును. కుంకుడు ఇచట రీఠా, శీకాయ శికేకాయి, గుంటగలగర మాకా, మందారము జాస్వంద్, కలబంద కోర్‌ఫడ్, ఉసిరిక ఆవళా. పూలబజారులో మన కనకాంబరము అబోలి యగును. ఈ జోడుపేర్లు నేర్చుకొనుటయు మన చరిత్రలోని భాగమే.

షాంపూ పరదేశి వస్తువని తలంచువారు కలరు. ఆ మాట హిందీలోని “చాంపో” నుండి పుట్టినది, మర్దనమని యర్థము. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మదు 1814లో ఇంగ్లాండునందలి బ్రైటనులో మర్దన స్నానశాల తెఱచి ఆ మాటకు ప్రసిద్ధి తెచ్చెను. 1980ల దశాబ్దమున తమిళనాటి కడలూరు నుండి బయలుదేరిన చిన్న పొట్లములు షాంపూను పేదల యిండ్లకు చేర్చినవి. కుంకుళ్ళు చితుకగొట్టు శ్రమ తప్పినందుకు చాళ్ళ తల్లులు సంతోషించిరనుటలో సందేహము లేదు. అందు దోషము లేదు గాని, పొట్లములోనిది తన జుట్టుకు తగునో తగదో చూచుకొనవలెను. నూనె విషయమున అవ్వ మాట కొంతవఱకు నెగ్గినది. 2003లో ముంబయికే చెందిన రేలే, మోహిలే అను పరిశోధకులు, కొబ్బరినూనె వెండ్రుకలోనికి చొచ్చి అందలి మాంసకృత్తుల నష్టమును తగ్గించుననియు, ఖనిజతైలము, పొద్దుతిరుగుడు నూనె అట్లు చేయవనియు ప్రకటించిరి.

అవ్వ మాట నెగ్గని చోట్లును కలవు. చుండ్రుకు నూనె మందు కాదు. చుండ్రుకు తోడ్పడు సూక్ష్మజీవి జిడ్డునే తిని పెరుగును. పేనుకొరుకుడు పేలవలన రాదు, శరీరపు రక్షకశక్తియే కుదుళ్ళపై తిరుగబడుటవలన వచ్చును. ప్రసవమైన మూడు నెలలకు జుట్టు రాలుట సహజము, సాధారణముగా మరల వచ్చును. దినమునకు 50 నుండి 100 వెండ్రుకలు రాలుటకు భయపడ నక్కఱలేదు. అంతకు మించి చాలకాలము రాలినచో రక్తహీనతయో, థైరాయిడు లోపమో యుండవచ్చును. అప్పుడు నూనెసీసాలు మార్చుట మాని వైద్యుని చూడవలెను. పరేలులో 1926 నుండి కె.ఇ.ఎం. ఆసుపత్రి మన గడపలోనే యున్నది.

1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెతో గిర్నీల కాలము ముగింపునకు వచ్చినది. చాళ్ళు ఒక్కొక్కటిగా మేడలగుచున్నవి. మోరి పోయినది, వరుసగా కూర్చుండు పిల్లలును లేరు. అయినను నరకచతుర్దశినాడు తెల్లవాఱకముందే తలంటు పోయు ఆచారము మన యిండ్లలోను, మన పొరుగు మరాఠీల యిండ్లలోను నిలిచియున్నది. ఈ మాఱు ఆ వేకువను తల్లులు, అవ్వలు నూనెగిన్నె చేతబట్టుటకు ముందు ఒక్క నిమిషము బిడ్డ జుట్టును వ్రేళ్ళతో విడదీసి చూతురు గాక. అది యుంగరాలదైనచో, “ఇది ఉంగరాల జుట్టు, నీ ముత్తవ్వది” అని తెలుగున చెప్పుదురు గాక. ఆ పిమ్మట ఆ తలకు తగినంతయే పులుసు పోయుదురు గాక.