ఓరుగల్లు – హక్కుల బోధన

కాకతి గణపతిదేవుడు ఓరుగల్లునుండి రాజ్యమేలుచు, 1244-45లో మోటుపల్లి రేవున నొక అభయశాసనము చెక్కించెను. గాలివానకు చెదరి దరిజేరిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాము మాత్రము న్యాయమైన సుంకము తప్ప తక్కినదెల్ల విడిచితిమనియు దాని తాత్పర్యము. రాజు తన చేతిని తానే కట్టుకొన్న ఈ శాసనము తెలుగువారు గర్వింపదగినది. అయినను అందొక కొఱత కలదు. ఆ విడుపు రాజు దయయేగాని వర్తకుని హక్కు కాదు. దయను ఇచ్చినవాడే మరలించుకొనగలడు. హక్కు నిలువవలెనన్న అడుగువాడుండవలెను. అడుగుటకు ముందు తెలియవలెను. తెలియుటకు చెప్పువాడు కావలెను. ఓరుగల్లు సీమలో అట్లు చెప్పినవారి నిరువురను స్మరించుట ఇచట మా యుద్దేశము.

నిజాం పాలనలో సభ జరుపుకొనుటకైనను ముందుగా అనుమతి పొందవలసియుండెను. గస్తీ నిషాన్ 53 అను ఆ యుత్తరువును, 1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్రమహాసభవారు నిరసించుచు వచ్చిరి. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చుటతో, మాటలాడుటయు సభగూడుటయు దయలు గాక హక్కులైనవి. కాని కాగితముమీది హక్కు గడపదాటి ఇంటిలోనికి వచ్చుట అంత సులభము గాదు.

1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము వెలసెను. 1981లో అచట గణితాధ్యాపకులుగా కె. బాలగోపాల్ గారు చేరిరి. 1983 నుండి వారు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమునకు ప్రధాన కార్యదర్శులు. పోలీసు కాల్పులలో మరణించినవారి ఊళ్లకు బోయి, కన్నవారిని విన్నవారిని విచారించి, తేలినదానిని నివేదికగా వ్రాయుట వారి పని. 1985 సెప్టెంబరు 3న ఆ సంఘనాయకులును పిల్లల వైద్యులును నగు డాక్టరు రామనాథము గారు వరంగల్లున తమ వైద్యశాలయందే హత్యకు గురియైరి. ఆ యేడే బాలగోపాల్ గారి కొలువును ముగిసెను. ప్రభుత్వము చేయు హింసనేగాక విప్లవకారుల హింసనుగూడ ప్రశ్నింపవలెనని తలచి, 1998లో మానవహక్కుల వేదికను స్థాపించినవారిలో వారొకరు. న్యాయశాస్త్రము చదివి, హైకోర్టులో పేదలపక్షమున వాదించుచు 2009 అక్టోబరు 8న కాలధర్మము నొందిరి. గణితసూత్రము ఒకనికి సత్యమును మరియొకనికి అసత్యమును గానేరదు. హక్కును అట్టిదేయని వారి జీవితము చెప్పుచున్నది.

రెండవవారు మాడభూషి శ్రీధర్ గారు. వరంగల్లున జనధర్మ పత్రికను నడిపిన యం. యస్. ఆచార్యుల వారి కుమారులు. మొదట పత్రికారచయితలై, పిమ్మట హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రాచార్యులై, 2013 నుండి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనరుగా నుండిరి. 2005 నాటి సమాచారహక్కు శాసనమును పాఠముగా చెప్పినవారికే దానిని అమలుజేయు అధికారము లభించెను. 2018లో కమిషనర్ల పదవీకాలమును జీతమును కేంద్రప్రభుత్వము నిర్ణయించునట్లు సవరణ ప్రతిపాదింపబడగా, పదవియం దుండియే దానిని వ్యతిరేకించుచు సహ కమిషనర్లకు లేఖ వ్రాసిరి. 2019లో ఆ సవరణ శాసనమే యయ్యెను. లేఖ ఫలింపలేదు గదా యని చదువరులు అడుగవచ్చును. గురువు తాను చెప్పిన పాఠమును పదవిలోనుండి మఱవకుండుట సామాన్యఫలమా?

ఇపుడు యంత్రముల కాలము. మన వేలిముద్రలు, జబ్బులు, బ్యాంకు లెక్కలు కంప్యూటరులలో నున్నవి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు, 2000 నాటి సమాచార సాంకేతిక శాసనములో వాక్స్వాతంత్ర్యమును బంధించు 66-ఏ విభాగమును కొట్టివేసెను. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామిగారను విశ్రాంత న్యాయమూర్తి ఆధారుపై తెచ్చిన వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై వేఱొక శాసనము వచ్చెను. చిత్రమేమనగా, ఈ రక్షణశాసనమే సమాచారహక్కు శాసనములోని 8వ విభాగమును సవరించినది. ప్రజాప్రయోజనము అధికముగా నున్నచో వ్యక్తిగత సమాచారమునైనను ఈయవచ్చునని అచట నుండిన మాటలు తొలగింపబడినవి. ప్రజాప్రయోజనమును జెప్పు వేఱొక ఉపవిభాగము మిగిలియే యున్నదని కొందరందురు. అది నిజమే. కాని ఉపాధిహామీ మస్టరులో దొంగపేర్లు వెదకు కూలివానికి, ఇది పరుల స్వవిషయమని చెప్పి పంపివేయుట గుమాస్తాకు సులభమగును గదా!

పౌరుని రహస్యము పౌరునికి దక్కవలెను. ప్రభుత్వపు లెక్క ప్రజలకు తెలియవలెను. ఈ రెండును ఒకే న్యాయమునకు రెండు కన్నులు. ఒకదానిని కాపాడు నెపమున రెండవదానిని పొడుచుట ధర్మము గాదు. సాంకేతిక న్యాయశాస్త్రమును వర్తకసంస్థలలో కొలువునకు మెట్టుగా మాత్రమే నేర్పినచో, విద్యార్థికి ఈ సంగతి తెలియదు.

ఈ బోధన విశ్వవిద్యాలయములతో ముగియరాదు. రేషను దుకాణపు లెక్క అడుగుటకు అర్జీ వ్రాయుటయు, ఎవరేమి అడిగినను వేలిముద్ర వేయకుండుటయు మన ఇండ్లలో ఆడపిల్లలకును మగపిల్లలకును నేర్పవలెను. అడుగనేర్చిన ప్రజలున్నచోట హక్కు మరల దయగా మారదు.